పానాల సంచి

నా నౌకరీ ముప్పై మూడేళ్లు. 1983లో అయిజ దగ్గర ఒక పశువుల దవాఖానలో సహాయకుడిగా చేరాను. 2016లో నాగర్‌కర్నూల్ వైపు ఒక ఊళ్లో రిటైరయ్యాను. మధ్యలో వనపర్తి చుట్టుపక్కల చాలాకాలం చేశాను, ఇల్లు కట్టుకున్నదీ అక్కడే. ఈ ముప్పై మూడేళ్లలో నా బండి పడింది తొమ్మిదిసార్లు. నోటిలెక్క చెప్పడం లేదు, టూరు డైరీల్లో తేదీతో సహా రాసిపెట్టుకున్నాను. ఆ తొమ్మిదింటిలో ఎనిమిదిసార్లు బండి మనిషి నడిచేంత మెల్లగా పోతోంది. మిగిలిన ఒక్కసారి నిలబడే ఉంది. డాంబరు రోడ్డు మీద అరవై వేగంలో పోతూ పడ్డది ఒక్కటీ లేదు.

మా వైపు పల్లెల్లో నలభై ఏళ్లుగా బండి నడుపుతున్న ఏ పంతులును, ఏ పోస్టుమేన్‌ను, ఏ సీడు ఆర్గనైజరును అడిగినా ఇదే లెక్క చెప్తారు. బాట మలుపులో పడ్డం, బురదలో పడ్డం, వాకిట్లో తిప్పుకుంటూ పడ్డం. దెబ్బ మనిషికి తక్కువ, బండికి ఎక్కువ. క్లచ్ పిడి విరుగుతుంది, గేరు రాడు లోపలికి వంగుతుంది, కార్బరేటర్ లోంచి పెట్రోలు కారిపోతుంది. చూస్తే ఊరు రెండు కోసుల దూరంలో ఉంటుంది. అందుకే మా తరం బండి కొన్ననాడే ఒక సంచి కూడా కట్టుకుంది. మోటారు సైకిళ్ల చరిత్ర రాసేవాళ్లు ఇంజన్ల గురించి, కంపెనీల గురించి రాస్తారు. పాలమూరు బాటల మీద మోటారు సైకిల్ ఎట్లా బతికిందో చెప్పాలంటే మాత్రం ఆ సంచి విప్పాలి.

బండ్లు రాకముందు సంగతి కొంచెం చెప్తాను. నిజాం రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఇప్పటి ఆర్టీసీకి మూలం అదే. బస్సు పెద్ద రోడ్డు దిగదు. సికింద్రాబాద్ నుంచి కర్నూలు పోయే రైలు గద్వాల మీదుగా పోతుంది. వనపర్తికి వస్తే స్టేషను పేరే 'వనపర్తి రోడ్డు', ఉండేది మదనాపురంలో. దిగాక ఊరు చేరడం మళ్లీ ఒక ప్రయాణం. నాగర్‌కర్నూల్‌కు ఆపాటి స్టేషను కూడా లేదు. పశువుల దవాఖాన నౌకరీ అంటే పెద్ద రోడ్డుకూ రైలు పట్టాకూ ఎడంగా ఉన్న ఊళ్లన్నీ తిరగడం. నాకంటే ముందు చేసినవాళ్లు కిరాయి సైకిల్ మీద, అది దొరకనినాడు కాలినడకన తిరిగారు. గాలికుంటు టీకాల ఐస్ డబ్బా నెత్తిన పెట్టుకుని వాగు దాటిన కాంపౌండర్లను నేను చూశాను.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. బుల్లెట్లు ముందు సైన్యానికి పోయాయి, బయటివాళ్ల చేతికి వచ్చింది ఆ తర్వాతే. 1960ల మొదట్లో మైసూరులో జావా తయారీ మొదలైంది. దాని కిక్కు రాడే మడిచి ముందుకు తిప్పితే గేరు రాడు అవుతుంది, పిల్లలం ఆ వింత చూడటానికే చుట్టూ చేరేవాళ్లం. అదే దశాబ్దంలో పోలండ్ బండి నమూనాతో రాజ్‌దూత్ వచ్చింది. మా ఊళ్లల్లో ఇవి మొదట దొరల గడీల్లోనూ, కాంట్రాక్టర్ల ఇళ్లముందూ కనిపించేవి. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాక చిన్న జీతగాళ్లకూ ఆశ పుట్టింది. గవర్నమెంటు నౌకరీ ఉన్నవాళ్లకు మోటారు సైకిల్ అడ్వాన్సు ఇచ్చేవాళ్లు, జీతంలో నెలనెలా కోసుకునేవాళ్లు. నేను 1985లో ఆ అడ్వాన్సు మీదే బండి కొన్నాను. రెండు స్ట్రోకుల బండి. పెట్రోలు పంపుకాడ ఆయిల్ కలిపించుకుని, బండిని అటూ ఇటూ ఊపి, అప్పుడు కిక్కు కొట్టాలి.

స్కూటర్ ఎందుకు కొనలేదని మా మామ అడిగారు. అప్పట్లో బజాజ్ చేతక్ అంటే పెళ్లికొడుకు కట్నం లెక్క. దానికి వెనక స్టెప్నీ కూడా ఉండేది. ఈ మాటకు మూలం దూరం: బ్రిటన్‌లోని వేల్స్‌లో లనెల్లి అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. 1904లో ఆ వీధిలో డేవీస్ అన్నదమ్ములు మోటారు కార్లకు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. అదనపు చక్రానికి ఆ పేరు అక్కడివాళ్ల మాటల్లోంచి ఎప్పుడో పోయింది, మన లారీ క్లీనర్ల నోట్లో ఇంకా ఉంది. స్కూటర్‌కు చిన్న చక్రాలు, గుంతలో పడితే ఎగిరేస్తుంది. చేన్ల గట్ల మీద అది నడవదు. మోటారు సైకిల్ నడుస్తుంది, కానీ దానికి స్టెప్నీ లేదు. పంచరైతే అక్కడే కూర్చోవాలి. సంచి ఎందుకు పుట్టిందో ఇక్కడే ఉంది. ఏ బండి పొలం దాకా పోగలదో ఆ బండికే అదనపు చక్రం లేదు.

నాకు ఆ సంచి ఇచ్చింది వనపర్తిలో ఒక మిస్త్రీ. బస్టాండుకు కొంచెం అవతల వేపచెట్టు కింద ఆయన షాపు. రాజావారి ప్యాలెస్‌లో 1959లో పెట్టిన పాలిటెక్నిక్ పిల్లలు సాయంత్రం అటు పోతూ నిలబడి ఆయన పని చూసేవాళ్లు. ఆయన చదువుకోలేదు, కార్బరేటర్ మాత్రం కళ్లు మూసుకుని విప్పి బిగించేవాడు. పాత జీపు హుడ్డు గుడ్డ కోసి, అరలు పెట్టి తానే కుట్టిన సంచి అది. చుట్ట చుట్టి తాడుతో కట్టి సీటు కింద పెడితే చప్పుడు చేయదు. చప్పుడు చేసిన సంచిలో పానాలు ఒకదానికొకటి కొట్టుకుని మూతులు అరిగిపోతాయని చెప్పాడు.

పానా అంటే స్పానర్. మా వైపు స్పానర్ అన్నమాట బిల్లుల మీదే ఉండేది. స్క్రూడ్రైవర్ పేచ్‌కస్, పట్టుకునేది పకడ్, గాలి హవా, బాగుచేసేవాడు మిస్త్రీ. ఇవన్నీ దక్కనీ ఉర్దూలోంచి మన తెలుగులోకి నడిచొచ్చిన మాటలు. బండి లోపలి భాగాలకు వస్తే క్లచ్, ప్లగ్గు, పిస్టను అని ఇంగ్లీషు. మధ్యలో సుత్తె, ఆకురాయి, మేకు తెలుగు. "పానాతోటి ప్లగ్గు ఇప్పి ఆకురాయి పట్టు" అంటే మూడు భాషలు ఒక్క వాక్యంలో పనిచేస్తున్నట్టు. ఆ మాటల్ని నేను ఎక్కడా పుస్తకంలో చదవలేదు. ఎవరైనా పూనుకుని ఈ షెడ్ల భాషకు ఒక నిఘంటువు చేయాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక.

సంచిలో 8-9, 10-11, 12-13, 14-15 పానాలు ఉండేవి. ప్లగ్గు పానా, దాన్ని తిప్పే ఇనుప కడ్డీ. పిడిలోంచి తీసి తిరగేసి పెట్టుకునే పేచ్‌కస్, రెండు మొగాలూ పనికొచ్చేది. వాడిందే కానీ శుభ్రం చేసి దూదిలో చుట్టిన ఒక ప్లగ్గు. అగ్గిపెట్టెలో రెండు చైను లాకులు. చుట్టగా చుట్టిన క్లచ్ వైరు. పాత సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు, ప్యాచీలు, సొల్యూషన్, టైరు విప్పే రెండు లివర్లు. నల్ల టేపు. ఇవి అందరి సంచుల్లోనూ ఉండేవే. మిస్త్రీ తన చేత్తో పెట్టినవి మూడు చిన్న వస్తువులు, వాటి విలువ నాకు పోనుపోను తెలిసింది.

మొదటిది హాక్‌సా బ్లేడు ముక్క, వేలెడంత. రెండు స్ట్రోకుల బండికి ఆయిల్ మండి ప్లగ్గు మూతికి మసి పడుతుంది, నిప్పురవ్వ దూకదు. ప్లగ్గు విప్పి, సాండు పేపరుతో గీకి, కొనల మధ్య సందు సరిచూడాలి. ఆ సందు ఇంచుమించు 0.6 మిల్లీమీటర్లు, హాక్‌సా బ్లేడు మందం కూడా అంతే. బ్లేడు ముక్క బిగుసుకోకుండా, వదులు కాకుండా దూరితే సందు సరిగ్గా ఉన్నట్టు. రెండోది కరెంటు పనిలో వాడే ఇత్తడి కనెక్టర్, స్క్రూతో సహా. క్లచ్ వైరు ఎక్కువగా తెగేది కొసన, అతికించిన చిన్న గుండు దగ్గర. గుండు ఊడిపోతే వైరు కొసను ఈ కనెక్టర్‌లో దూర్చి స్క్రూ బిగిస్తే అదే గుండవుతుంది, ఇల్లు చేరేదాకా పనిచేస్తుంది. మూడోది అరచేతంత ఇనుప రేకు. అది ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజే ఇంకో పని చేశాడు. క్లచ్ పిడినీ బ్రేకు పిడినీ హ్యాండిలుకు పట్టే బిగింపు స్క్రూలు పావు చుట్టు వదులు చేశాడు. ఏమిటీ అజాగ్రత్త అనుకుని ఇంటికొచ్చి గట్టిగా బిగించుకున్నాను.

మొదటిసారి పడింది బండి కొన్న ఏడాది ఆగస్టులో. నడిగడ్డలో, అంటే కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న ఆ ముక్కలో, అయిజ నుంచి రాజోలి వైపు పోతే నల్లరేగడి. వాన పడ్డ నల్లరేగడి సంగతి చూసినవాళ్లకే తెలుస్తుంది. చక్రానికి అంటుకున్న మన్ను మడ్‌గార్డు లోపల పేరుకుంటుంది, తిరిగిన కొద్దీ ఒత్తుకుంటుంది, చివరికి చక్రాన్నే పట్టేస్తుంది. ముందు చక్రం తిరగడం మానేసింది, బండి నాలుగడుగులు జారుకుంటూ పోయి ఎడమవైపు ఒరిగింది. కాలు పెట్టాను. పెట్టినచోట నేల లేదు, బురద ఉంది. మెల్లగా, చాలా మెల్లగా, దాన్ని ఆపలేనని తెలుస్తూ తెలుస్తూ పడిపోయాను. పక్క చేన్లో గొర్రెలు మేపుతున్న ఒకాయన గొంగడి తీసి గట్టున పడేసి వచ్చాడు.

"కాలు ఇరికిందా సారూ?"

"లేదు."

"అయితే బండి ఏడికి పోతది. ముందుగాల నువ్వు లెవ్వు."

లేచి చూస్తే క్లచ్ పిడి మధ్యకు విరిగింది. బిగింపు గట్టిగా ఉంది గదా, తిరగడానికి వీలులేక విరిగిపోయింది. మిస్త్రీ చేసింది అప్పుడర్థమైంది. పావు చుట్టు వదులుంటే పడ్డప్పుడు పిడి హ్యాండిలు మీద గుండ్రంగా తిరిగిపోతుంది. చేత్తో మళ్లీ దాని చోటికి తెచ్చుకోవచ్చు. సగం పిడికి రెండు వేళ్లు పట్టించి ఆ రోజు ఊరు చేరాను. మడ్‌గార్డులోని మన్ను ఆ గొర్లకాపరే తన కర్ర కొసతో తోడిపెట్టాడు.

మెల్లగా పోయేటప్పుడే ఎందుకు పడతామో చాలాకాలం ఆలోచించాను. ఉరికే బండి తనను తాను కొంత నిలబెట్టుకుంటుంది. ఒక పక్కకు ఒరిగితే ముందు చక్రం ఆ పక్కకే తిరుగుతుంది, పడబోయే బరువు కిందికి చక్రాలు వచ్చి చేరతాయి. తిరిగే చక్రం బొంగరంలా నిలబెడుతుందని చిన్నప్పుడు చెప్పారు. 2011లో అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు ఆ బొంగరం గుణాన్నీ, ముందు చక్రం వెనక్కి లాగబడే గుణాన్నీ రెండింటినీ తీసేసిన ఒక చిన్న రెండు చక్రాల బండిని తయారుచేసి, అది కూడా దొర్లుతూ తనంతట తాను నిలబడగలదని సైన్స్ పత్రికలో చూపించారు. బరువు ఎక్కడెక్కడ ఉందన్నదీ లెక్కేనట. కారణం ఏదైనా దానికి పరుగు కావాలి. పరుగు తగ్గితే ఆ పని చేతులు చేయాలి, ఇంకా తగ్గితే కాలు చేయాలి, కాలికి నేల దొరకాలి. లైసెన్సు కోసం మహబూబ్‌నగర్ పోతే ఎనిమిది అంకె మీద కాలు కింద పెట్టకుండా తిప్పమన్నారు. వేగంగా పోయి చూపించమని ఎవరూ అడగలేదు. ఆ పరీక్ష పెట్టినవాడెవరో బండి సంగతి బాగా తెలిసినవాడు.

మా వైపు కాలికి నేల దొరకని చోట్లు చాలా ఉన్నాయి. వనపర్తి నుంచి గోపాలపేట మీదుగా పోతుంటే చల్క నేలలు, ఎర్రటి సన్న గులక. మలుపులో హ్యాండిలు తిప్పి ఉండగా ముందు బ్రేకు పట్టామా, చక్రం పక్కకు జారుకుపోతుంది. పంట చేతికొచ్చే రోజుల్లో రోడ్డంతా కల్లం: మక్కలు, వడ్లు, పల్లీలు ఆరబోస్తారు. మక్కల మీద చక్రం ఎక్కితే గోళీల మీద ఎక్కినట్టే. నేను మూడుసార్లు అట్లా పడ్డాను, మూడుసార్లూ ధాన్యం కావలి కూర్చున్న అవ్వలే ముందుగా ఉరికొచ్చారు. ఆరబోసినవాళ్ల మీద కోపం తెచ్చుకున్నవాళ్లను చూశాను, నాకెప్పుడూ రాలేదు. చుట్టుపక్కల ఊళ్లకు కల్లాలు కట్టించి ఉంటే రోడ్డెక్కేవాళ్లా?

బండిని లేపడం కూడా ఒక విద్య. బుల్లెట్ 160 కిలోల పైమాటే, చిన్న బండ్లు కూడా 100 కిలోలకు అటూ ఇటూ. హ్యాండిలు పట్టి లాగితే నడుము పోతుంది. పడ్డ ఆవును కొమ్ములు పట్టి లేపకూడదని మాకు ట్రైనింగులో చెప్పారు. బండికీ అదే లెక్క. ముందు పెట్రోలు ట్యాపు బందు చేయాలి. బండి కుడివైపు పడితే సైడు స్టాండు ముందే దించిపెట్టుకోవాలి, లేకుంటే లేపిన బండి అవతలికి పడుతుంది. గేరులో ఉంచాలి, దొర్లకుండా. అప్పుడు బండికి వీపు ఆనించి కూర్చుని, ఒక చెయ్యి కింది హ్యాండిలుకు, ఒక చెయ్యి సీటు వెనక కడ్డీకి పెట్టి, కాళ్లతో నెట్టుకుంటూ వెనక్కి నడవాలి. పెబ్బేరు సంతలో హమాలీలు బస్తా ఎత్తేది చూసి నేర్చుకున్నాను, వాళ్లు నడుముతో ఏదీ ఎత్తరు.

ఇక నిలబడి ఉండగా పడ్డ సంగతి. ఇది నాకు ఇప్పటికీ బాధ.

ఎదకొచ్చిన ఆవులకు సూది వేయడానికి వీర్యం స్ట్రాలు నైట్రోజన్ క్యాన్‌లో తీసుకుపోవాలి. మూడు లీటర్ల క్యాన్, లోపల ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు. దాని మూత గట్టిగా ఉండదు, ఆవిరి బయటికి పోవాలి కాబట్టి. కూర్చున్నట్టుగా నిటారుగా ఉన్నంతసేపే అందులో సరుకు ఉంటుంది. బండి పక్కన ఇనుప ఫ్రేము కట్టించి, చుట్టూ గోనెసంచి కుక్కి పెట్టుకునేవాణ్ని. 2000 తర్వాత గోపాలమిత్రలు వచ్చి ఊరూరా ఈ పని చేశారు. వాళ్ల బండ్లకూ ఇట్లాంటి ఫ్రేములే.

ఒక మే నెల మధ్యాహ్నం. ఒక పెద్ద రైతు కాదు, ఒక్క జెర్సీ ఆవు ఉన్న మనిషి, కబురు పంపాడు. పోయి రోడ్డు పక్కన సైడు స్టాండు వేసి, ఆవు ఎక్కడుందో చూద్దామని పది అడుగులు వేశాను. ఎండకు డాంబరు మెత్తబడి ఉంది. స్టాండు మొన డాంబర్‌లో మెల్లగా దిగింది. వెనక చప్పుడు విని తిరిగేసరికి బండి పడి ఉంది, క్యాన్ నోట్లోంచి తెల్లటి పొగ రోడ్డుకు అడ్డంగా పాకుతోంది. పిల్లలు భయపడి ఉరికారు. చేతికి బట్ట చుట్టుకుని క్యాన్ నిలబెట్టి, కొలత కర్ర ముంచి చూశాను. నైట్రోజన్ అందినమేరకు కర్ర మీద మంచు పడుతుంది, అది చూసే కొలుస్తాం. కర్రకు మంచు పడలేదు. సరుకు పాడైపోయింది.

ఆవు ఎదలో ఉండేది ఒక పూట, మహా అంటే ఒక పగలూ ఒక రాత్రీ. తప్పితే మళ్లీ 21 రోజులు. ఆ మనిషి ఆవు పలుపు పట్టుకుని నిలబడే ఉన్నాడు. "ఏమైంది సారూ" అన్నాడు. చెప్పాను. "మళ్ల వస్తది తియ్యి" అన్నాడు, నన్ను ఓదారుస్తూ. ఇరవై ఒక్క రోజుల పాలు ఆయనవి పోయాయి, ఓదార్పు నాకు దొరికింది. ఆ సాయంత్రం మిస్త్రీ దగ్గరికి పోయి ఆ రేకు ముక్క ఎందుకు పెట్టావని అడిగాను. "స్టాండు కింద పెట్టనీకి సారూ. ఎండకాలం డాంబర్ల దిగబడ్తది, వానకాలం మన్నుల దిగబడ్తది" అన్నాడు. ఆరేళ్లు సీటు కింద ఉన్న వస్తువు. అడిగి ఉంటే సరిపోయేది. ఆ రోజు నుంచి రేకు పెట్టకుండా స్టాండు వేయలేదు.

మేం చేజేతులా బండిని పడుకోబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. గద్వాల దగ్గర కృష్ణ మధ్యలో గుర్రంగడ్డ ఉంది, చుట్టూ నీళ్లున్న ఊరు. అక్కడి పశువులకు టీకాలు వేయాలంటే పుట్టిలో పోవాలి. వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టి, అడుగున తోలు పోయి తర్వాత్తర్వాత తారు పట్టించిన పట్టా వచ్చింది. బండిని అందులో నిలబెడితే పుట్టి తిరిగే తిరుగుడుకు అందరం నీళ్లలో ఉంటాం. పెట్రోలు ట్యాపు బందు పెట్టి, కార్బరేటర్ పైకి వచ్చేట్టు చూసుకుని, గడ్డి మోపు మీద మెల్లగా పడుకోబెట్టేవాళ్లం. పుట్టి నడిపే ఆయనకు ఏ బండిని ఏ పక్కకు పడుకోబెట్టాలో నాకంటే బాగా తెలుసు. అవతలి ఒడ్డున లేపి, ఐదు నిమిషాలు ఆగి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి పట్టి కిక్కు కొట్టాలి. పెట్రోలులో మునిగిన ఇంజన్ గాలి ఎక్కువ తాగితేనే లేస్తుంది.

పంచర్ల సంగతికి వస్తే మా శత్రువు ఒక చెట్టు: సర్కారు తుమ్మ. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లాలో నాటారు, వంటచెరకు కోసం. కరువు నేలలో పచ్చగా లేచింది, చెరువు శిఖాలన్నీ ఆక్రమించింది. దాని ముల్లు ఎండినా మెత్తబడదు. టైరులో సగం విరిగి ఉండిపోతుంది. ట్యూబుకు ప్యాచీ వేసి టైరు లోపల వేలితో తడిమి చూడకపోతే రెండు మైళ్లకే మళ్లీ పంచరు. నీళ్లు లేనిచోట తూటు కనుక్కోవడానికి ట్యూబును పెదవుల దగ్గర పెట్టి మెల్లగా తిప్పేవాళ్లం. చెంపకు తెలియని గాలి పెదవికి తెలుస్తుంది. అచ్చంపేట అవతల మన్ననూరు, ఫరహాబాద్ అడవిలోకి పోయినప్పుడు రెండు ట్యూబులు వెంట ఉండాల్సిందే, చీకటి పడేలోగా అడవి గేటు దాటాలి కాబట్టి.

సంచి నాతో ఎక్కువ పనిచేసింది 2009లో. అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ రెండూ ఒకేసారి వచ్చాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద. కర్నూలు మునిగింది, ఇవతల అలంపూర్, రాజోలి మునిగాయి. మమ్మల్ని చచ్చిన పశువుల పనికి, బతికిన వాటి టీకాలకు పంపారు. రాజోలిలో మగ్గం గుంతల నిండా ఒండ్రు, గోడల మీద మనిషెత్తున బురద గీత. బండ్లు బురదలో హ్యాండిళ్ల దాకా పూడి ఉన్నాయి. తోడుకున్నవాళ్లు ఆత్రంగా కిక్కు కొట్టబోతున్నారు. కొట్టొద్దని, ప్లగ్గు విప్పి నీళ్లు పోనిచ్చి, ఆయిల్ మార్చినాకే ముట్టుకోవాలని ఊరంతా తిరిగి చెప్పాను. మూడు రోజులు నా పానాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో నాకే తెలియదు. 12-13 తిరిగి రాలేదు. మగ్గాలు పోయిన ఊళ్లో పానా గురించి అడగడానికి నోరు రాలేదు.

మార్పు ఒక్కసారి రాలేదు. 1985లో హీరో హోండా సీడీ100 వచ్చినప్పుడు నాలుగు స్ట్రోకుల బండి మన బాటలకు ఆగదన్నారు. ఆగింది. ఆయిల్ కలిపే పని పోయింది, ప్లగ్గుకు మసి తగ్గింది, పాయింట్లు గీకే పని పోయింది. సంచిలో సాండు పేపరు అట్లాగే పాతబడింది. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది, జావా, యెజ్డీ సామాన్ల కోసం మిస్త్రీలు పాత బండ్లు విప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత ట్యూబ్‌లెస్ టైర్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చి కార్బరేటరే పోయింది. పెట్రోలు ఎంత పోవాలో ఇప్పుడు ఒక చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. అది ఆగిపోతే 10-11 పానాతో చేసేదేమీ లేదు. కొత్త బండి కొంటే సీటు కింద ఒక ప్లగ్గు పానా, ఒక పేచ్‌కస్ ఇస్తారు, కొన్నవాళ్లు చాలామంది వాటిని ఎన్నడూ బయటికి తీయరు. మా మిస్త్రీ కొడుకు షోరూంలో పనిచేస్తున్నాడు. వేపచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మూడు జిల్లాలయ్యాయి; బండి నంబరు చూసి నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, గద్వాలకు 33 అని గుర్తుపట్టొచ్చు.

కొత్త బండ్లు మంచివే. రాత్రిపూట లింగాల దారిలో ప్లగ్గు విప్పి నిలబడ్డవాణ్ని, అవి చెడ్డవని ఎట్లా అంటాను? పడటం మాత్రం తగ్గలేదు. ఊళ్లల్లో సీసీ రోడ్లు వేశారు, పక్కన మన్ను నింపలేదు. రోడ్డు అంచు జానెడు ఎత్తున ఉంటుంది. ఎదురుగా ట్రాక్టర్ వస్తే పక్కకు జరిగి కాలు పెడితే కాలు జానెడు కిందికి పోతుంది, దాంతో బండి కూడా. నల్లరేగడిలో నాకు జరిగిందే మళ్లీ, సిమెంటు మీద.

మా మనవరాలు పోయిన ఏడాది పాలిటెక్నిక్‌లో చేరింది. స్కూటీ మీద పోతుంది. మొన్న గేటు ముందర తిప్పుకుంటూ పడింది. మోచేతికి చిన్న గీత, ఎడమ బ్రేకు పిడి కొన విరిగింది. కొత్త పిడి తెప్పించాను. సంచి విప్పి 10-11 పానా తీస్తుంటే పక్కన కూర్చుని చూస్తోంది. పాతది విప్పాను, కొత్తది పెట్టాను, వైరు ఎక్కించి సందు చూశాను, బ్రేకు రెండుసార్లు పట్టి చక్రం తిప్పి చూశాను. బిగింపు స్క్రూ గట్టిగా బిగించి, మళ్లీ పావు చుట్టు వెనక్కి తిప్పాను. మామూలుగా పట్టుకుంటే కదలదు; అరచేత్తో కొడితే తిరుగుతుంది.

"గట్టిగ బిగియ్యవా తాతా?" అంది.

"చాలు బిడ్డా" అన్నాను.

కాసేపు ఆ పిడిని తానే కొట్టి చూసింది. తిరిగింది. చేత్తో వెనక్కి తెచ్చుకుంది. తర్వాత రేకు ముక్క చేతిలోకి తీసుకుని, ఇదేంది అని అడిగింది.